ఎస్‌యూవీలో పెట్రోలు వాసన: మూలం పట్టుకోవడం, బాగుచేయించడం ఎలా?

మే నెల మధ్యాహ్నం విజయవాడ బందరు రోడ్డు పక్కన ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీస్తే వేడిగాలి ముఖాన కొట్టడం మామూలే. ఆ గాలితో పాటు పెట్రోలు వాసన కూడా గుప్పుమంటే చాలామంది అద్దాలు దించుతారు, ఏసీ పెంచుతారు, బెంజి సర్కిల్ దాటేసరికి మరిచిపోతారు. పెట్రోలు బండిలో పెట్రోలు వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా అని తీసిపారేసే మెకానిక్కులూ ఉన్నారు. ఆ మాట నమ్మకండి. ట్యాంకు మూత నుంచి, ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కొస దాకా ఇంధనం నడిచే దారి మొత్తం మూసి ఉండాలి. ట్యాంకులో పుట్టే ఆవిరి కూడా బయటికి పోకూడదు. బొగ్గు నింపిన ఒక డబ్బాలో అది చేరి, ఆ తర్వాత ఇంజనులోకి వెళ్ళి మండిపోవాలి. సీట్లో కూర్చున్నవారి ముక్కుకు వాసన తగిలిందంటే ఆ దారిలో ఎక్కడో తేడా వచ్చినట్టే.

ఈ పనిలో మొదట అడగవలసిన ప్రశ్న ‘ఎక్కడ’ కాదు, ‘ఎప్పుడు’. వాసన గాలితో తిరుగుతుంది. వెనక చక్రం దగ్గర పుట్టి ముందు సీటులో తేలుతుంది. అందుకే చోటు విషయంలో ముక్కు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. సమయం విషయంలో మాత్రం అంతగా పొరబడదు. పైగా ఉదయం వచ్చిన వాసన మధ్యాహ్నం ఆటోనగర్ చేరేసరికి ఉండదు. అప్పుడు మెకానిక్ ఊహ మీద ఒక భాగం మారుస్తాడు, వారం తర్వాత ఇంకొకటి మారుస్తాడు. డబ్బు మనదే.

బండి కదపవచ్చా, వద్దా?

ముందు తేల్చుకోవలసింది ఇదే. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతూ పల్లంలో చేరుతుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. సున్నాకు 40 డిగ్రీలు దిగువన ఉన్న చలిలోనే మండడానికి సరిపడా ఆవిరి వదిలే ద్రవం ఇది. మన 44 డిగ్రీల ఎండలో దాని సంగతి వేరే చెప్పాలా? అపార్టుమెంటు సెల్లార్ ఈ విషయంలో అన్నిటికన్నా చెడ్డ చోటు. ఆవిరి అక్కడే నిలుస్తుంది, నీళ్ళ మోటారు స్విచ్చూ అక్కడే ఉంటుంది.

కారు కింద పెట్రోలు చుక్కలు కనిపిస్తే, లేదా నేల మీద తడి మరక ఉండి అది పెట్రోలు వాసన వేస్తుంటే, ఇంజను స్టార్టు చేయకండి. పిల్లల్ని, పెద్దల్ని దూరంగా పంపండి. సెల్లార్లో ఉంటే లైట్లు, మోటార్లు వేయడం, ఆర్పడం రెండూ మానండి. ఫోను బయటికి వచ్చి చేయండి. అగ్నిమాపక కేంద్రానికి 101, అత్యవసరానికి 112. విజయవాడ, గుంటూరు మధ్య హైవే మీద ఉంటే 1033. బండిని నాలుగు చక్రాలూ పైకెక్కించుకునే లారీ మీదే తరలించాలి.

చుక్కలు లేకపోయినా, అద్దాలన్నీ మూసి నడిపేటప్పుడు తల నొచ్చేంత వాసన ఉంటే ఇంట్లోవాళ్ళను ఎక్కించకండి. పెట్రోలులో ఉండే బెంజీన్ క్యాన్సర్ కారకం. పసిపిల్లలున్న కారులో ‘అప్పుడప్పుడే కదా’ అని ఊరుకోవడం సరికాదు. ఎప్పుడో ఒకసారి పల్చగా తగిలి పోయే వాసనకు మాత్రం నాలుగైదు రోజులు గమనించే వ్యవధి ఉంటుంది.

చేతిలో ఉండవలసినవి: ఎల్‌ఈడీ టార్చి, తెల్లటి టిష్యూ కాగితాలు, నైట్రైల్ గ్లవ్సు, సబ్బు నీళ్ళు, రెండు కిలోల పొడి రకం మంటలార్పే సిలిండరు. పాత పద్ధతి బల్బు లైటు తీసుకుని కారు కిందకు దూరవద్దు. బల్బు పగిలితే ఆ వేడి తీగ చాలు. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే పెట్రోలు నీటి మీద తేలి మంటను ఇంకా పరుస్తుంది. ఒంటి మీద నూలు బట్టలుంటే మంచిది. పని మొదలుపెట్టే ముందు కారు ఇనుప భాగాన్ని ఒకసారి తాకితే ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది.

కారుది కాని వాసన

గుంటూరు జిల్లాలో మిరప చేను ఉన్న కుటుంబాల కార్ల విషయంలో మొదట డిక్కీ తెరిచి చూడాలి. చేనుకు మందు కొట్టే తైవాన్ స్ప్రేయరుకు పోయడానికి పెట్రోలు, టూ టీ ఆయిలు కలిపి తీసుకెళ్ళిన డబ్బా ఒకసారి ఒలికితే చాలు, డిక్కీ తివాచీ కింది దూది ఆ వాసనను నెలల తరబడి వదులుతూనే ఉంటుంది. స్టెప్నీ గుంతలో కూడా చూడండి. ఇక సెల్లార్లో పక్కన నిలిపే పాత మోటారు సైకిల్ కార్బురేటర్ కారుతున్నా మన కారులో వాసన వస్తుంది. ఒక రాత్రి కారును ఆరుబయట నిలిపి చూస్తే తెలిసిపోతుంది. కొత్త సీటు కవర్ల జిగురు, థిన్నర్ వాసన కూడా పెట్రోలులాగే తోస్తాయి. సీఎన్‌జీ కిట్ ఉన్న బండిలో కుళ్ళిన వాసన వస్తుంటే అది వేరే సంగతి. సిలిండరు వాల్వు కట్టేసి నేరుగా కిట్ బిగించినవారి దగ్గరికి వెళ్ళాలి.

ఎప్పుడు వస్తోందో రాసుకోండి

ఒక చిన్న కాగితం డాష్‌బోర్డులో పెట్టి, వాసన వచ్చినప్పుడల్లా నాలుగు విషయాలు రాయండి: ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది, బండి నిలిచి ఉందా నడుస్తోందా, ఏసీ బయటి గాలి మీద ఉందా లోపలి గాలి మీద ఉందా, ముందు సీటులో ఎక్కువా వెనక సీటులో ఎక్కువా. నాలుగైదు రోజులు రాస్తే చాలావరకు దొంగ దొరుకుతాడు.

పెట్రోలు కొట్టించిన రోజున వచ్చి, ట్యాంకు సగానికి దిగాక మాయమయ్యే వాసన ట్యాంకు పై భాగానిది. అంటే పెట్రోలు పోసే గొట్టం, పంపు మీది రబ్బరు సీలు, ఆవిరి గొట్టాలు. ఎండలో నిలిపినప్పుడు మాత్రమే వచ్చేది ఆవిరి లీకు. మూతనో, బొగ్గు డబ్బానో అనుమానించాలి. కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు, వంతెన దిగేటప్పుడు గుప్పుమంటే ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకు ఒరిగి, ఆ పక్కనున్న సందులోంచి బయటపడుతోందని అర్థం. తాళం తిప్పగానే, ఇంజను ఇంకా వేడెక్కకముందే బోనెట్ వైపు నుంచి వస్తే ఇంజెక్టర్లు, వాటి పైపులు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే వస్తే రెండు దారులున్నాయి. బోనెట్ కింద లీకైనా కావచ్చు, సైలెన్సర్ నుంచి కాలని పెట్రోలు పొగ లోపలికి వస్తూ ఉండవచ్చు.

ఏసీ మీటతో చేసే పరీక్షను చాలామంది పట్టించుకోరు. బయటి గాలి తీసుకునే జాలీ ముందు అద్దం మొదట్లో, బోనెట్ వెనక అంచున ఉంటుంది. ఇంజను గదిలో పెట్రోలు కారితే ఆ వాసన నేరుగా ఆ జాలీలోకే పోతుంది. అందువల్ల బయటి గాలి పెట్టినప్పుడే వాసన వచ్చి, లోపలి గాలికి మార్చిన కొద్ది నిమిషాల్లో తగ్గితే ముందు భాగాన్ని వెతకండి. లోపలి గాలి పెట్టినా తగ్గకపోగా పెరిగితే మూలం వెనక సీటు కింద, డిక్కీలో, లేదా కారు అడుగున ఉంది. ఈ ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు సగానికి తగ్గుతుంది.

డాష్‌బోర్డులో ఇంజను లైటు వెలగలేదు కాబట్టి లీకు లేదనుకోవద్దు. ట్యాంకు ఆవిరి లీకును తనంతట తాను పట్టుకునే ఏర్పాటు అన్ని కార్లలోనూ ఉండదు. లైటు వెలిగితే మాత్రం స్కానర్ పెట్టించండి, లోపాన్ని బట్టి అది ఒక కోడ్ చూపిస్తుంది. పీ0442 అంటే చిన్న ఆవిరి లీకు, పీ0455 అంటే పెద్దది, పీ0441 అంటే బొగ్గు డబ్బాలోని ఆవిరిని ఇంజనుకు వదిలే పర్జ్ వాల్వు ప్రవాహంలో తేడా, పీ0172 ఇంజనుకు పెట్రోలు మోతాదు మించి అందుతోందని, పీ0300 సిలిండర్లు సరిగా మండడం లేదని. కోడ్ అనేది ఫిర్యాదు మాత్రమే. కోడ్ చూసి భాగం మార్చే మెకానిక్కును ‘పరీక్ష ఏం చేశారు?’ అని తప్పక అడగండి.

మూత, గొట్టం, బంకులో ‘రౌండు ఫిగరు’

నాజిల్ టక్కున ఆగుతుంది. మీటరు 3,940 చూపిస్తుంది. ‘నాలుగు వేలు చేసేయనా సార్?’ అంటాడు కుర్రాడు. మనం తల ఊపుతాం. అతడు నాజిల్ కొంచెం పైకి లాగి, మెల్లగా నొక్కుతూ ఇంకో అర లీటరు పైగా దించుతాడు. చాలా బండ్లలో పెట్రోలు వాసన కథ మొదలయ్యేది ఇక్కడే.

నాజిల్ ఆగిన తర్వాత ట్యాంకులో మిగిలే ఖాళీని పెట్రోలు వ్యాకోచించడానికి, ఆవిరి చేరడానికి కావాలనే వదిలారు. బంకులో పెట్రోలు భూమిలోని ట్యాంకుల నుంచి చల్లగా వస్తుంది. మన ట్యాంకులోకి వచ్చాక, ఎండలో నిలిపితే ఉబ్బుతుంది. చోటు లేకపోతే ఆవిరి పోవలసిన గొట్టంలోకి ద్రవంగానే ఎక్కి బొగ్గు డబ్బాలోకి దిగుతుంది. ఆ డబ్బా ఆవిరిని పట్టుకోవడానికి చేసినది. ద్రవ పెట్రోలులో నానిన బొగ్గు ఇక ఏ ఆవిరినీ పట్టలేదు. అరవై రూపాయల చిల్లర సర్దుబాటు కోసం వేల రూపాయల భాగం పాడవుతుంది. యూపీఐ వచ్చి ఇన్నేళ్ళయినా ఈ రౌండు ఫిగరు అలవాటు మాత్రం పోలేదు. నాజిల్ మొదటిసారి ఆగినప్పుడే ‘చాలు’ అనండి.

ఇప్పుడు పరీక్ష. మూత తీసి దాని చుట్టూ ఉన్న రబ్బరు వాషరును వేలితో తడమండి. మెత్తగా, సాగేలా ఉండాలి. గట్టిపడి, పగుళ్ళు తేలి, ఒక పక్క చదునుగా అణిగి ఉంటే మూత మార్చాలి. గొట్టం అంచు మీద, అంటే వాషరు ఆనే చోట, తుప్పు, మట్టి, గీత ఉన్నాయేమో చూసి పొడి గుడ్డతో తుడవండి. మూత బిగించేటప్పుడు టిక్కుమని శబ్దం రావాలి. కొత్తది కొనేటప్పుడు కంపెనీ మూతే తీసుకోండి. పై అందానికి పెట్టే మూతల్లో లోపలి వాల్వు సరిగా ఉండదు. ఎండలో మూత తీసేటప్పుడు చిన్నగా ఉస్సుమనడం తప్పు కాదు. ప్రతిసారీ బుస్సుమని గట్టిగా గాలి తన్నితే మాత్రం ఆవిరి పోయే దారి ఎక్కడో మూసుకుపోయింది.

మూత బాగుంటే పోసే గొట్టం కింది భాగం చూడాలి. వెనక చక్రం లోపలి ప్లాస్టిక్ కవరు తీస్తే ఇనుప గొట్టం, దాన్ని ట్యాంకుకు కలిపే లావు రబ్బరు పైపు కనిపిస్తాయి. చక్రం చిమ్మే బురద అంతా అక్కడే పడుతుంది కాబట్టి క్లిప్పుల కింద తుప్పు పట్టి పైపు వదులవుతుంది. ట్యాంకు నింపేటప్పుడు మాత్రమే చుక్కలు పడితే ఇదే కారణం. క్లిప్పు బిగించి ఊరుకోకండి. పైపును కొద్దిగా వంచి చూడండి. పగుళ్ళు తేలితే పైపు, క్లిప్పులు రెండూ కొత్తవి వేయించాలి.

వెనక సీటు కింద

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, వెనక కూర్చున్నవారికే ఎక్కువగా వాసన వస్తోందంటే నేను మొదట చూసేది ఇక్కడే. చాలా ఎస్‌యూవీల్లో పెట్రోలు పంపు ట్యాంకు లోపలే మునిగి ఉంటుంది. దాని తల మాత్రం వెనక సీటు కింద, ఒక చిన్న రేకు మూత అడుగున కనిపిస్తుంది. కొన్ని మోడళ్ళలో ఈ మూత ఉండదు, ట్యాంకునే దించాలి. అలాంటిది ఇంటి దగ్గర చేసే పని కాదు.

సీటు దిండు ముందు అంచు పట్టుకుని నిలువుగా పైకి లాగితే క్లిప్పులు ఊడతాయి. తివాచీ మడిచి, రేకు మూత స్క్రూలు తీయండి. దాని చుట్టూ నల్లటి జిగురు ఉంటే పారేయకండి, మళ్ళీ కావాలి. తలుపులన్నీ తెరిచి ఉంచండి. దుమ్ము తీయడానికి వ్యాక్యూమ్ క్లీనర్ అసలు వాడవద్దు. దాని మోటారులో పుట్టే నిప్పురవ్వకు ఆ ఆవిరి చాలు. తడి గుడ్డ, మెత్తటి బ్రష్షు సరిపోతాయి. అయితే తుడిచే ముందు టార్చి వేసి ఒకసారి తీరిగ్గా చూడండి, ఎందుకంటే అక్కడి దుమ్మే సాక్ష్యం. పంపు తల చుట్టూ దుమ్ము పొడిగా, సమంగా, బూడిద రంగులో ఉంటే సీలు బాగున్నట్టే. ఒక పక్క దుమ్ము తడిసి, నల్లగా అట్టకట్టి, దాని అంచున గోధుమ రంగు గీత ఉంటే పెట్రోలు అక్కడి నుంచి వచ్చి ఆరిపోతోంది. టిష్యూ కాగితాన్ని ఆ రింగు వెంబడి నెమ్మదిగా తిప్పి వాసన చూడండి.

పైపు తగిలించే ప్లాస్టిక్ ముక్కును విడిగా చూడాలి. దానికి వచ్చే వెంట్రుకంత చీలిక పంపు ఆగి ఉన్నప్పుడు కనిపించదు. ఇంకొకరిని ముందు కూర్చోబెట్టి, ఇంజను స్టార్టు చేయకుండా తాళం ‘ఆన్’ మాత్రమే చేయమనండి. పంపు రెండు మూడు సెకన్లు గుయ్యిమని తిరిగి పైపుల్లో ఒత్తిడి నింపుతుంది. ఆ క్షణంలో చీలిక దగ్గర ముత్యమంత చుక్క ఉబ్బి కనిపిస్తే పని తేలిపోయినట్టే. మంటలార్పే సిలిండరు చేతికి అందేలా పెట్టుకుని, చుట్టూ నిప్పు లేదని చూసుకుని మాత్రమే ఈ పరీక్ష చేయండి.

సీలు మార్చే వరుస ఇది. ట్యాంకులో పావు వంతు కన్నా తక్కువ పెట్రోలు ఉండాలి. పంపు ఫ్యూజు తీసి ఇంజను స్టార్టు చేయండి. పైపుల్లో ఉన్నది తాగేసి అదే ఆగిపోతుంది. ఇంకోసారి కొద్ది సెకన్లు సెల్ఫ్ కొట్టి తాళం తీసేయండి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. పైపు తీసేటప్పుడు గుడ్డ కప్పి తీయండి, కొంచెం పెట్రోలు ఎలాగూ వస్తుంది. పంపును బిగించి ఉంచే పెద్ద లాక్ రింగుకు దాని పానా ఉంటుంది. షెడ్డుల్లో ఇనుప స్క్రూడ్రైవరు ఆనించి సుత్తితో కొట్టడం మామూలు. ట్యాంకు నోటి దగ్గర ఇనుము మీద ఇనుము కొట్టడాన్ని మీ కళ్ళ ముందు ఒప్పుకోకండి. రింగు మీది బాణం గుర్తు ఎక్కడుందో ఫోటో తీసుకోండి. పాత సీలు చూడటానికి బాగానే ఉన్నా మళ్ళీ వేయకూడదు. పెట్రోలులో నాని ఉబ్బిన రబ్బరు గాడిలో తిరిగి కూర్చోదు, బలవంతంగా నొక్కితే మడతపడి ఇంకా పెద్ద లీకు అవుతుంది. పైపు తగిలించే ప్లాస్టిక్ ముక్కు చీలితే ఎం-సీల్, సబ్బు, జిగురు లాంటివి ఏవీ నిలవవు. పంపు తల మొత్తం మార్చాలి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ వైపు ముంచెత్తినప్పుడు నీళ్ళలో నిలిచిన కార్లలో ఈ రింగు, దాని చుట్టూ ఉన్న రేకు తుప్పు పట్టి ఉండే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్నవారు వాసన లేకపోయినా ఈ రేకు మూత ఒకసారి తీసి చూడటం మంచిది. మూత కింద ఒండ్రు మట్టి కనిపిస్తే అమ్మినాయన చెప్పని సంగతి కూడా తెలుస్తుంది.

బొగ్గు డబ్బా, పర్జ్ వాల్వు

బొగ్గు డబ్బా చాలా ఎస్‌యూవీల్లో ట్యాంకు పక్కన, వెనక చక్రాల మధ్య ఉంటుంది. కొన్నిట్లో బోనెట్ కింద ఉంటుంది. పెట్రోలులో నానినది చేతికి బరువుగా తెలుస్తుంది. విప్పి వంచితే ద్రవం కారితే, లేదా పైపులో నల్లటి బొగ్గు రవ్వలు కనిపిస్తే మార్చడమే మార్గం. ఎండబెట్టి మళ్ళీ పెడతామనేవారి మాట వినకండి. గాలి లోపలికి వచ్చే చివర మట్టితో, సాలెగూడుతో మూసుకుపోతే మాత్రం శుభ్రం చేసుకోవచ్చు.

డబ్బాలో చేరిన ఆవిరిని ఇంజనుకు పంపే చిన్న మీట లాంటిదే పర్జ్ వాల్వు. ఇది మూసుకోకుండా ఇరుక్కుపోతే పెట్రోలు కొట్టించిన వెంటనే బండి స్టార్టు కావడానికి మొరాయిస్తుంది, ఆగి ఉన్నప్పుడు వణుకుతుంది. ఇంజను ఆపి, వాల్వును విప్పి, వైరు తగిలించకుండా శుభ్రమైన గొట్టంతో ఒక పక్క నుంచి గాలి ఊదండి. గాలి పోకూడదు. పోతే వాల్వు పాడయినట్టే. నోటితో పీల్చడం మాత్రం వద్దు.

కారు అడుగున

జాక్ ఒక్కదాన్ని నమ్మి కింద దూరవద్దు. స్టాండ్లు పెట్టాలి, లేదా ర్యాంపు ఉన్న షెడ్డుకు వెళ్ళాలి. ట్యాంకు నుంచి ముందుకు వచ్చే పైపుల్లో ఎక్కువ భాగం గట్టి నైలాన్. రబ్బరు ముక్కలు కీళ్ళ దగ్గర ఉంటాయి. తీర ప్రాంతాలకు తరచూ తిరిగే బండ్లలో ఇనుప భాగాల తుప్పు కూడా చూడాలి.

ఎలుకల సంగతి ఇక్కడే చెప్పాలి. పొలాల గట్టున, ధాన్యం, మిర్చి నిల్వల దగ్గర నిలిపే కార్లకు ఈ బెడద ఎక్కువ. ఎలుక కొరికిన పైపు మీద జంటగా పళ్ళ గాట్లు ఉంటాయి, పక్కనే ఎలుక పెంటికలు ఉంటాయి. బోనెట్ కింద పొగాకు కాడలు కట్టడం మన వైపు పాత అలవాటు. వాసన తగ్గే వరకు కొంత పనిచేస్తుందేమో కానీ వేడి సైలెన్సర్ గొట్టం మీద ఎండుటాకులు పడితే అదే మంట. ఎలుకలు దూరకుండా జాలీ బిగించడం, బండి రోజూ కదపడం, కింద తిండి లేకుండా చూడటం మేలు.

2025 నాటికి మన పెట్రోలులో ఎథనాల్ 20 శాతానికి చేరింది. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న కార్ల రబ్బరు భాగాలు దానికి తగినట్టు తయారవుతున్నాయి. అంతకు ముందు కార్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత మార్చవలసి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది. పాత బండి ఉన్నవారు సర్వీసింగులో ఈ పైపులను చూడమని అడిగి చేయించుకోవాలి. అడగకపోతే ఎవరూ చూడరు.

పైపు మార్చేటప్పుడు దాని మీద ఏం రాసి ఉందో చదవండి. ఇంజెక్షన్ బండ్లకు ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని ఉన్న పైపు కావాలి. పాత కార్బురేటర్ బండ్ల పైపు చూడటానికి ఒకేలా ఉన్నా మూడు నాలుగు బార్ల ఒత్తిడిని ఏళ్ళ తరబడి తట్టుకోవడానికి చేసినది కాదు. నైలాన్ పైపును మధ్యలో కోసి రబ్బరు ముక్క తొడిగి క్లిప్పు బిగించే అతుకు అసలు ఒప్పుకోకండి. కీళ్ళు టిక్కుమని పడాలి, పడ్డాక వెనక్కు లాగి చూడాలి.

బోనెట్ కింద

ఇంజను చల్లారాక, పొద్దున్నే చేయవలసిన పరీక్ష ఇది. ముందు చెప్పినట్టే ఒకరు తాళం ఆన్ చేస్తే, మీరు టార్చితో ఇంజెక్టర్ల మొదళ్ళు, వాటిని కలిపే పైపు కీళ్ళు చూడండి. తడి, దుమ్ము కడిగినట్టు మెరిసే అల్యూమినియం, పక్కన మరక కనిపిస్తే ఇంజెక్టర్ల చుట్టూ ఉండే గుండ్రటి రబ్బరు సీళ్ళు (‘ఓ’ రింగులు) పోయినట్టే. అన్నిటికీ కలిపి కొత్తవి వేయించండి. ఒక్కటి మార్చి మిగతావి వదిలితే అదే కూలి రెండోసారి కట్టాలి. రింగుకు ఒక చుక్క శుభ్రమైన ఇంజను ఆయిలు రాసి నెమ్మదిగా దించాలి.

ఒక హెచ్చరిక. టర్బో పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి నేరుగా సిలిండరులోకి చిమ్మే ఇంజెక్టర్లు ఉంటాయి. వాటి పైపుల్లో ఒత్తిడి 200 బార్లు దాటుతుంది. సన్నటి ధార చర్మం చీల్చుకుని లోపలికి పోగలదు. అటువంటి ఇంజనులో ఇనుప పైపుల నట్లు మీరు ముట్టుకోవద్దు, సరైన పనిముట్లు లేని షెడ్డులో ముట్టుకోనివ్వవద్దు.

బయట ఎక్కడా తడి లేదు, అయినా వాసన ఉంది. అప్పుడు ఆయిలు చూసే పుల్ల తీసి వాసన చూడండి. ఆయిలు మట్టం గీత దాటి పెరిగి, పల్చబడి, పెట్రోలు వాసన వేస్తుంటే ఇంజెక్టరు లోపలే కారుతోంది. ఇంట్లో నుంచి కూరగాయల మార్కెట్టుకు, మళ్ళీ ఇంటికి మాత్రమే తిరిగే బండిలో కొద్దిగా వాసన ఉండటం వేరు, మట్టం పెరగడం వేరు. మట్టం పెరిగితే నడపకండి. ఇంజెక్టరు బాగుచేయించాక ఆయిలు, ఫిల్టరు మార్చి తీరాలి. సైలెన్సర్ కొస మసిగా ఉండి మైలేజీ పడిపోతే పెట్రోలు మోతాదు మించుతోంది. ఇంజను లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మండని పెట్రోలు, సైలెన్సర్ గొట్టంలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోతోంది. అది ఎర్రగా కాగుతుంది. పక్కకు తీసి ఆపేయండి, ఎండు గడ్డి మీద మాత్రం ఆపకండి.

డిక్కీ తలుపు రబ్బరు చిరిగినా సైలెన్సర్ పొగ లోపలికి వస్తుంది. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి. తేలిగ్గా జారిపోయిన చోట రబ్బరు అణిగింది. ఈ పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది కాబట్టి దీన్ని చిన్నదిగా చూడవద్దు.

షెడ్డుకు వెళ్ళాక

వారంటీ ఉన్న బండిని మీరు గానీ ఆటోనగర్లో గానీ విప్పించవద్దు. కంపెనీ సర్వీసు కేంద్రంలో జాబు కార్డు మీద ‘పెట్రోలు వాసన, ట్యాంకు నిండినప్పుడు, వెనక సీటులో’ అని మీ మాటల్లోనే రాయించండి. ‘జనరల్ చెకప్’ అని రాస్తే కారు కడిగి ఇస్తారు. కంపెనీ వెబ్‌సైటులో ఛాసిస్ నంబరు ఇచ్చి, మీ బండికి రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ ఇచ్చే పిలుపు) ఉందేమో చూడండి. ఉంటే ఖర్చు వాళ్ళదే.

వారంటీ దాటిన బండికి విజయవాడ ఆటోనగర్లో పనిమంతులు దొరుకుతారు. మీరు రాసుకున్న కాగితం ఇవ్వండి, వీలైతే వాసన వచ్చే స్థితిలోనే, అంటే ట్యాంకు నింపి లేదా ఎండలో నిలిపి, బండిని తీసుకెళ్ళండి. లీకు కంటికి దొరకకపోతే స్మోక్ టెస్టు అడగండి. ఆవిరి గొట్టాల్లోకి చాలా తక్కువ ఒత్తిడితో పొగ పంపితే లీకున్న చోట పొగ దారంలా బయటికి వస్తుంది. స్మోక్ యంత్రం లేదు, టైర్ల కంప్రెసరు గాలి ట్యాంకులోకి కొట్టి సబ్బు నీళ్ళతో చూస్తామంటే బండి తీసుకుని వచ్చేయండి. ఆ ఒత్తిడికి ట్యాంకు, సీళ్ళు పాడవుతాయి, పైగా గాలి కలిసిన ఆవిరి పేలుడు సామగ్రి. తీసేసిన పాత భాగాలు చూపించమని ముందే చెప్పండి. మూత ఖర్చు వందల్లో, పంపు లేదా బొగ్గు డబ్బా ఖర్చు వేలల్లో ఉంటుంది కాబట్టి పరీక్ష జరగకుండా భాగం ధర మాట్లాడకండి.

పని అయిన తర్వాత

షెడ్డులోనే తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి, బాగుచేసిన చోట పొడి టిష్యూతో తుడిచి చూడండి. తర్వాత నాజిల్ ఆగేవరకు ట్యాంకు నింపి, కాజ టోల్‌గేటు మీదుగా గుంటూరు వెళ్ళి రండి. అక్కడ ఎండలో ఒక గంట నిలిపి, తలుపు తీసి ముందు సీటు, వెనక సీటు, డిక్కీ విడివిడిగా వాసన చూడండి. తర్వాత ఇంకో ట్యాంకు నింపినప్పుడు కూడా ఇదే చేయండి.

లీకు పోయినా పాత వాసన కొన్నాళ్ళు ఉండవచ్చు. సీటు దూదిలో, తివాచీ అడుగున ఇంకిన పెట్రోలుకు సెంటు స్ప్రేలు మందు కాదు. కొత్త లీకు వచ్చినా ఆ సెంటు దాన్ని దాచేస్తుంది. తివాచీ విప్పి తలుపులు తెరిచి ఆరుబయట ఆరబెట్టండి. పెట్రోలు తుడిచిన గుడ్డలను సెల్లార్ చెత్తడబ్బాలో కుక్కకుండా బయట గాలికి విడివిడిగా ఆరేయండి. ఏసీ క్యాబిన్ ఫిల్టరు ఈ వాసనను పట్టి ఉంచి ఏసీ వేసిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా వదులుతుంది. దాన్ని కూడా మార్చి, ఆ తర్వాతే వాసన ఇంకా ఉందో లేదో తేల్చండి.